ఖాళీలతో కలిపి

ఐదువేల మూడువందల అక్షరాలు, ఖాళీలతో కలిపి.
ఒక్కటి ఎక్కువైనా ఆ గడి ఒప్పుకోదు.
వైద్యురాలివి ఎందుకు కావాలనుకుంటున్నావో చెప్పమని
హాన్‌కాక్ ఊరి లైబ్రరీలో, హీటర్ పక్క బల్ల మీద
వరసగా మూడో ఆదివారం
మినుకు మినుకుమంటూ ఒక నిలువు గీత.

మీ నాన్న గురించి రాయి, అంది
కాలేజీలో సలహాలిచ్చే వాండర్‌లిన్ మేడమ్.
"అదే నీ బలం."
బలమట!
మార్చి నెలాఖరు, పల్చబడ్డ మంచు,
సరస్సు మీద నాన్న స్నోమొబైల్ దీపం,
పార చేత్తో పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడిపోయిన అమ్మ.
రాశాను. బాగా వచ్చింది.
మరీ బాగా వచ్చిందనే చెరిపేశాను.
నాన్నని కాటా మీద కూర్చోబెట్టినట్టుంది.
అయినా, మునిగినవాడికి డాక్టరేం చేస్తాడు?

గ్వాటెమాలా వెళ్ళలేదు నేను.
పరిశోధన అంటే, ఒక వేసవంతా
ఎవరి ఎలకలకో మేత వేశాను.
ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి, అనుకుని
చివరికి పళ్ళ గురించే మొదలుపెట్టాను.

కొండ కింద వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
నాకు పంతొమ్మిదేళ్ళు, నిద్ర ముంచుకొస్తోంది.
పదకొండు గిన్నెల్లో విడివిడిగా నానాల్సిన కట్టుడు పళ్ళని
పని తెమిలిపోతుందని
ఒక్క బకెట్లో కుమ్మరించి కడిగేశాను.
పదకొండు జతలు, పై వరసా కింది వరసా.
నన్ను చూసి అన్నీ ఒకేలా నవ్వాయి.

తెల్లారేలోగా మంచం మంచానికీ తిరిగాను,
ట్రే నిండా నవ్వులు మోసుకుంటూ, దొంగలా.
"ఒక్కసారి నోరు తెరుస్తారా?"
లెంపి నీమికి నాలుగో జత కుదిరింది.
కుదిరిందో లేదో చూడ్డానికి నా వేలు కొరికింది.
ఆర్నెల్లయింది ఆమె ఏ విషయమైనా
అంత స్పష్టంగా చెప్పి.
పాస్టరు పని చేసి దిగిపోయిన ఉర్హో
ఎవరివో పెట్టుకుని "ఇవే బాగున్నాయి, ఇవ్వను" అని
దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాడు.
ఇంగ్లీషు మర్చిపోయిన సైమా
ఫిన్నిష్‌లో ఏదో అడిగింది.
మా అమ్మమ్మ నాకు మిగిల్చిన నాలుగు ముక్కల్లో
ఆ మాట లేదు.
తలూపాను. దేనికి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలీదు.

పది నోళ్ళలోకి చూశానా రాత్రి, సెల్‌ఫోన్ వెలుతుర్లో.
పిడచకట్టిన నాలుకలు,
చిగుళ్ళ మీద ఎర్రటి ఒరుపులు,
ఒకామె బుగ్గలో దాచుకున్న నిన్నటి మాత్ర, మొన్నటిది కూడా.
ఇవేవీ ఏ చార్టులోనూ లేవు.

ఐదున్నరకి ఒక జత మిగిలింది.
మళ్ళీ లెక్కపెట్టాను. నోళ్ళు పదే.
అప్పుడు గుర్తొచ్చింది పద్నాలుగో గది,
మంగళవారం దుప్పట్లు మార్చిన మంచం,
ఆర్వో.
పళ్ళు లేకుండానే పంపేశాం ఆయన్ని.
శవపేటికలో పెదాలు లోపలికి పోయుంటాయి.
కూతురు చూసే ఉంటుంది, ఏమీ అనలేదు.
నేనూ ఎవరికీ చెప్పలేదు.
మూడేళ్ళుగా నా సొరుగులో, ఖాళీ పెరుగు డబ్బాలో ఉన్నాయవి.

మేడమ్ చదివి పెన్ను మూత పెట్టింది.
"ఇందులో డాక్టరెక్కడ? నాయకత్వమెక్కడ?
తప్పు చేశానని నువ్వే రాసిస్తావా?"
ఆవిడ అడిగింది న్యాయమే.
ఇంటికొచ్చి, వాక్యం దిద్దబోయి
కాల్యుమెట్‌లో ఉండే ఆర్వో కూతురికి ఫోన్ చేశాను.
గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.
ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.
ఆ ఖాళీని ఎన్ని అక్షరాల కింద లెక్కేస్తారో.

తర్వాత అడిగింది:
"పై వరసలో, ఎడం పక్కన, చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, చూడు.
క్రిస్మస్ జావలో దాచిన బాదంపప్పు
తనకే దొరకాలని గట్టిగా కొరికాడు."
చూశాను. ఉంది.
"ఆదివారం తీసుకురా. కాఫీ పెడతాను."

దరఖాస్తుకి గడువు శనివారం.